ఖాకీ చదువుకు ఖర్చెవరిది?

దూరవిద్య పరీక్షలు జరిగే రోజుల్లో జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కళాశాలల ముందు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. హాల్‌టికెట్ పట్టుకుని వరుసలో నిలుచున్నవారిలో పొట్టి క్రాపుతో, సివిల్ దుస్తుల కింద నల్లబూట్లతో కొందరు ప్రత్యేకంగా కనిపిస్తారు. రాత్రి గస్తీ ముగించుకుని, గదికి వెళ్లే వ్యవధి లేక నేరుగా పరీక్షకు వచ్చిన కానిస్టేబుళ్లు వారు. మూడు గంటలపాటు నిద్రమత్తును ఆపుకుని రాసి, మధ్యాహ్నం మళ్లీ స్టేషన్‌కు హాజరు కావాలి. ఫీజు వారిదే. పుస్తకాలు వారివే. సెలవు దొరక్కపోతే పోయే సంవత్సరమూ వారిదే.

పోలీసు ఉద్యోగి పైచదువుకు ప్రభుత్వం ఖర్చు భరించాలా అన్న ప్రశ్నకు మన వద్ద స్పష్టమైన సమాధానం లేదు. నిజానికి ఈ ప్రశ్న ఇక్కడ గట్టిగా అడిగినవారూ తక్కువే. అమెరికాలో మాత్రం యాభై ఏళ్ల క్రితమే దీనికి కోట్ల డాలర్లతో సమాధానం చెప్పారు. ఆ సమాధానం ఎంతవరకు ఫలించిందో, ఎక్కడ బెడిసికొట్టిందో తెలుసుకోవడం ఇక్కడి పోలీసులకూ, వారి మీద ఆధారపడిన ప్రజలకూ ఉపయోగకరం. ఎందుకంటే స్టేషన్‌లో పౌరుడికి మొదట ఎదురయ్యేది ఎస్పీ కాదు, కానిస్టేబులే.

చట్టం మారింది... చదువు?

దేశంలో రాష్ట్రాల పోలీసు బలగాల్లో దాదాపు 85 శాతం కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి కనీస అర్హత ఇంటర్మీడియట్. సబ్ ఇన్‌స్పెక్టర్‌కు డిగ్రీ. 1861 నాటి పోలీసు చట్టం దృష్టిలో కానిస్టేబుల్ చెప్పింది చేసే మనిషి మాత్రమే. ఆలోచించడం, నిర్ణయించడం అతని విధుల్లో లేవు. 1977లో ఏర్పాటైన జాతీయ పోలీసు కమిషన్ 1979లో ఇచ్చిన తన మొదటి నివేదికలో ఈ లోపాన్నే ఎత్తిచూపింది. యాంత్రికమైన పనులకు పరిమితం చేసిన కానిస్టేబుల్‌ను విచక్షణతో పనిచేసే ఉద్యోగిగా తీర్చిదిద్దాలన్నది దాని సారాంశం.

ఆ నివేదిక వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఈలోగా పని స్వభావమే మారిపోయింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. సోదాలు, స్వాధీనాలను ఆడియో, వీడియో రూపంలో చిత్రీకరించాలని కొత్త చట్టం చెబుతోంది. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించే ఏర్పాటు దశలవారీగా తప్పనిసరి అవుతోంది. నిపుణులు జిల్లా కేంద్రం నుంచి బయలుదేరి పల్లెకు చేరే వరకు ఆ స్థలాన్ని చెదరకుండా కాపాడేది ఎవరు? అక్కడికి మొదట చేరుకున్న కానిస్టేబులే. ఏది ముట్టుకోకూడదో, ఎందుకు ముట్టుకోకూడదో అతనికి తెలియకపోతే ఆ తర్వాత ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా లాభం లేదు. సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న రైతు మొదట చెప్పుకునేదీ స్టేషన్ రిసెప్షన్‌లోని కానిస్టేబుల్‌కే.

అందువల్ల పోలీసు చదువును సిబ్బంది సొంత అభిరుచిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. కేసు కోర్టులో నిలబడుతుందా వీగిపోతుందా అన్నది కొంతవరకు దానిమీదే ఆధారపడి ఉంది.

1968లో మొదలైన ప్రయోగం

1960లలో అమెరికా నగరాలు అల్లర్లతో, పెరుగుతున్న నేరాలతో ఉడికిపోయాయి. నల్లజాతి ప్రజలకూ పోలీసులకూ మధ్య వైరం తీవ్రస్థాయికి చేరింది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నేరాలు, న్యాయపాలనపై ఒక కమిషన్‌ను నియమించారు. 1967లో వెలువడిన దాని నివేదిక 200కు పైగా సిఫార్సులు చేసింది. చట్టాన్ని అమలు చేసే ప్రతి పోలీసుకూ అంతిమంగా డిగ్రీ ఉండాలన్నది వాటిలో ఒకటి. అప్పట్లో అక్కడ ఎక్కువ పోలీసు శాఖలు ఉన్నత పాఠశాల చదువుతోనే సరిపెట్టుకుంటున్నాయి.

మరుసటి ఏడాది, 1968 జూన్‌లో, సమగ్ర నేర నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద పుట్టిందే 'లీప్' అని పిలిచే పోలీసు విద్యా పథకం. లెక్క సూటిగానే ఉంది. ఉద్యోగంలో ఉండి చదివేవారికి సెమిస్టర్‌కు 300 డాలర్ల వరకు ఫీజు గ్రాంటుగా ఇస్తారు. చదువు పూర్తయ్యాక రెండేళ్లపాటు అదే శాఖలో కొనసాగుతానని హామీ ఇవ్వాలి. పూర్తికాలం చదివేవారికి ఏడాదికి 1,800 డాలర్ల వరకు అప్పు ఇస్తారు. పోలీసు, జైళ్లు, కోర్టుల వంటి శాఖల్లో ఒక్కో ఏడాది పనిచేసినకొద్దీ ఆ అప్పులో నాలుగోవంతు రద్దవుతుంది. నాలుగేళ్లు పనిచేస్తే పైసా కట్టనక్కర్లేదు. మానేసి వెళ్లిపోతే తిరిగి చెల్లించాల్సిందే. తర్వాతి కాలంలో ఈ పరిమితులను గ్రాంటుకు 400, అప్పుకు 2,200 డాలర్లకు పెంచారు.

మొదటి ఏడాది 65 లక్షల డాలర్లు కేటాయించారు. 485 విద్యాసంస్థల్లో 20 వేల మంది చేరారు. 1970ల మధ్య నాటికి ఏడాది వ్యయం సుమారు 4 కోట్ల డాలర్లకు, లబ్ధిదారుల సంఖ్య దాదాపు లక్షకు, కళాశాలల సంఖ్య వెయ్యికి చేరింది. పగలు డ్యూటీ చేసి సాయంత్రం తరగతికి వెళ్లే పోలీసు అక్కడ మామూలు దృశ్యమైపోయాడు. అదే పాఠాన్ని పగలొకసారి, రాత్రొకసారి చెప్పే ఏర్పాటు చేసుకున్న కళాశాలలూ ఉన్నాయి. షిఫ్టు మారినా పాఠం తప్పిపోకూడదన్నది దాని ఉద్దేశం. మన దూరవిద్య కేంద్రాలకు ఇంతవరకు తట్టని ఆలోచన ఇది.

కళాశాలలు పెరిగాయి... చదువు పలచబడింది

డబ్బు వస్తుందని తెలిశాక కళాశాలలు ఊరుకోలేదు. పోలీసు శాస్త్రం, నేర న్యాయం పేరుతో విభాగాలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో చాలాచోట్ల పాఠాలు చెప్పింది పదవీ విరమణ చేసిన పోలీసు అధికారులే. శిక్షణ కేంద్రంలో నేర్పిన డ్రిల్లు, నివేదికల తయారీ, గస్తీ పద్ధతులనే కళాశాల పాఠాలుగా మార్చి, వాటికి మార్కులు వేశారు. మనుషులనూ సమాజాన్నీ చట్టాన్నీ విశాలంగా అర్థం చేసుకోవడానికి పోలీసును కళాశాలకు పంపితే, అతను తన స్టేషన్‌నే అక్కడ మరోసారి చూసి వచ్చాడు.

ఈ పరిస్థితిపై పోలీస్ ఫౌండేషన్ ఏర్పాటు చేసిన జాతీయ సలహా కమిషన్ 1978లో నివేదిక ఇచ్చింది. లారెన్స్ షెర్మన్ నేతృత్వంలో తయారైన ఆ నివేదిక నిర్మొహమాటంగా మాట్లాడింది. ప్రభుత్వ సొమ్ము నాసిరకం కోర్సులను పోషిస్తోందని, అందరూ పోలీసులే కూర్చునే తరగతిలో పోలీసు కొత్తగా నేర్చుకునేది తక్కువని తేల్చింది. చేర్చుకున్నవారిని చదివించడంకంటే చదువుకున్నవారిని చేర్చుకోవడంపై దృష్టి పెట్టాలని సూచించింది.

పథకం ఎక్కువ కాలం నిలవలేదు. దాన్ని నడిపిన కేంద్ర సంస్థపైనే విమర్శలు వెల్లువెత్తాయి. 1980ల మొదట్లో ఆ సంస్థా, దాంతోపాటు ఈ సాయమూ కనుమరుగయ్యాయి. పదేళ్లకు పైగా సాగిన ఈ ప్రయత్నంలో లక్షలమంది చదువుకున్న మాట వాస్తవం. అమెరికాలో నేర న్యాయం ఒక విద్యాశాఖగా వేళ్లూనుకోవడానికి ఆ సొమ్మే ప్రధాన కారణం. కానీ ప్రతి పోలీసుకూ డిగ్రీ అన్న 1967 నాటి లక్ష్యం మాత్రం నెరవేరలేదు. 2013లో అక్కడి న్యాయశాఖ గణాంకాల విభాగం జరిపిన సర్వేలో, కొత్తగా చేరేవారికి నాలుగేళ్ల డిగ్రీని తప్పనిసరి చేసిన స్థానిక పోలీసు శాఖలు ఒక శాతం మాత్రమేనని తేలింది.

మాట ఇచ్చి సగంలో వదిలేస్తే

మసాచుసెట్స్ రాష్ట్రం మరో దారి పట్టింది. ఫీజు కట్టే బదులు డిగ్రీ తెచ్చుకున్నవారికి జీతం పెంచుతామంది. 1970లో చేసిన ఆ చట్టాన్ని అక్కడ క్విన్ బిల్లు అంటారు. రెండేళ్ల డిగ్రీకి మూలవేతనంపై 10 శాతం, నాలుగేళ్ల డిగ్రీకి 20 శాతం, పీజీ లేదా న్యాయశాస్త్ర పట్టాకు 25 శాతం అదనం. ఈ భారంలో సగం రాష్ట్రం, సగం పట్టణ పాలక సంస్థ మోయాలి. పథకంలో చేరాలా వద్దా అన్నది ఊరి ఇష్టం.

మన పీఆర్సీ లెక్కలు తెలిసిన ఏ ఉద్యోగికైనా 25 శాతమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. సహజంగానే పోలీసులు పట్టాల కోసం ఎగబడ్డారు. వారి వెంట పట్టాలు సులువుగా ఇచ్చే సంస్థలూ బయలుదేరాయి. పనిచేసిన అనుభవానికే మార్కులు వేసి, నామమాత్రపు తరగతులతో పీజీలు చేతిలో పెట్టారన్న విమర్శలు వచ్చాయి. 2000ల మొదట్లో అక్కడి ఉన్నత విద్యామండలి మేల్కొని, ఏ కోర్సుకు జీతం పెంపు వర్తిస్తుందో తేల్చడానికి నిబంధనలు బిగించింది.

అసలు దెబ్బ 2009లో తగిలింది. ఆర్థిక మాంద్యంతో ఖజానా ఒట్టిపోయిన వేళ రాష్ట్రం తన వాటాను సుమారు 5 కోట్ల డాలర్ల నుంచి కోటి డాలర్లకు కుదించింది. తర్వాతి ఏళ్లలో అదీ ఆగిపోయింది. 2009 జులై తర్వాత కొత్తగా చేరినవారికి పథకమే లేదు. రాష్ట్రం చేతులెత్తేస్తే ఆ సగం ఎవరివ్వాలి? నగరమే ఇవ్వాలంటూ బోస్టన్ పోలీసులు కోర్టుకెక్కారు. రాష్ట్రం ఎగ్గొట్టిన వాటాను నగరం చెల్లించనక్కర్లేదని 2012లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. డ్యూటీలు చేసుకుంటూ, ఇంటిని పక్కనబెట్టి, వాగ్దానాన్ని నమ్మి చదివినవారి జీతంలో కోత పడింది.

జీవోలు వచ్చి, బడ్జెట్లు రాక ఆగిన పథకాలను చూసిన మన జిల్లాల పాఠకులకు ఈ కథ కొత్తగా అనిపించకపోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కళాశాలల యాజమాన్యాలూ విద్యార్థులూ ఎదురుచూసిన సందర్భాలు ఇక్కడ తక్కువేమీ కాదు.

డిగ్రీతో లాఠీ తగ్గుతుందా?

చదువుకున్న పోలీసు మెరుగైన పోలీసు అవుతాడా అన్నదానిపై అమెరికాలో పరిశోధనలు విస్తారంగా జరిగాయి. అన్నీ ఒకే మాట చెప్పవు. 2010లో రైడ్‌బర్గ్, టెరిల్ అనే పరిశోధకులు రెండు మధ్యతరహా నగరాల పోలీసులను పరిశీలించారు. అరెస్టుల్లో, సోదాల్లో చదువు వల్ల తేడా కనిపించలేదు. బలప్రయోగం విషయంలో మాత్రం కళాశాల చదువున్నవారు తక్కువగా చేయిచేసుకుంటున్నట్టు తేలింది. లాకప్ దెబ్బల గురించి తరచూ వార్తలు రాయాల్సి వచ్చే చోట ఈ ఒక్క ఫలితమైనా తీసిపారేయదగింది కాదు.

అలాగని పట్టాకు లేని మహిమను అంటగట్టడమూ సరికాదు. పోలీసు లైసెన్సుకు కనీసం రెండేళ్ల డిగ్రీని తప్పనిసరి చేసిన రాష్ట్రం మిన్నెసోటా. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద ప్రాణాలు విడిచింది ఆ రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరంలోనే.

చదువుకున్నవారే వస్తున్నారు

అమెరికా కమిషన్ 1978లో కోరుకున్నది, అంటే చదువుకున్నవారిని చేర్చుకోవడం, మన రాష్ట్రంలో ఎవరూ ఆదేశించకుండానే జరుగుతోంది. దానికి కారణం సంస్కరణ కాదు, నిరుద్యోగం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన ఇస్తే సుమారు 5 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఇంటర్ అర్హత ఉన్న ఉద్యోగానికి డిగ్రీలు, పీజీలు, ఇంజినీరింగ్ పట్టాలు ఉన్నవారు పెద్దసంఖ్యలో పోటీపడ్డారు. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష రాసినవారు తుది ఫలితాల కోసం 2025 ఆగస్టు వరకు ఎదురుచూడాల్సి వచ్చింది. అది వేరే కథ.

ఇలా చేరినవారి చదువు ఏమవుతోంది? కంప్యూటర్లు చదివినవాడు బ్యాంకు వద్ద కాపలా కాస్తాడు. న్యాయశాస్త్రం చదివినవాడు సమన్లు పట్టుకుని మండలమంతా తిరుగుతాడు. రసాయనశాస్త్రంలో పీజీ చేసినవాడు రిమాండు ఖైదీ వెంట బస్సులో జైలుకు వెళ్లొస్తాడు. చురుకైన స్టేషన్ అధికారి ఉంటే ఒకరిద్దరిని సీసీ కెమెరాలు, కాల్ డేటా పరిశీలనకు పెట్టుకుంటాడు. మిగిలినచోట్ల ఎవరు ఏం చదివారో అడిగే ఆనవాయితీ కూడా లేదు. కానిస్టేబుల్ నుంచి హెడ్ కానిస్టేబుల్‌కు ప్రధానంగా సీనియారిటీయే మెట్టు. అక్కడ పట్టాకు తూకం లేదు. దీంతో చదువున్న కానిస్టేబుల్ ముందున్న దారి ఒక్కటే. మళ్లీ పుస్తకం పట్టి ఎస్సై పరీక్షకో, గ్రూప్స్‌కో సిద్ధం కావడం. అంటే శాఖలో ఉండి చదివే చదువులో అధికభాగం శాఖ నుంచి, లేదా ఆ హోదా నుంచి, బయటపడటానికి చదివేదే.

ఈ ఒక్క సంగతి చాలు, ఫీజు సాయం మాత్రమే సరిపోదని గ్రహించడానికి.

ఫీజు చిన్నది... సెలవు పెద్దది

ఇంటర్‌తో చేరి, ఇంటి పరిస్థితుల వల్ల ఆగిన చదువును కొనసాగించాలనుకునేవారి బాధ మరో రకం. వారికి దూరవిద్యే దిక్కు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది హైదరాబాద్‌లో. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, అటెండర్లు ఎందరో దానివల్లే పట్టభద్రులయ్యారు. రాష్ట్రంలో 2008లో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద కుటుంబాల రెగ్యులర్ విద్యార్థులను ఉద్దేశించింది. ఉద్యోగంలో ఉన్న కానిస్టేబుల్ దాని పరిధిలోకి రాడు. వాస్తవానికి దూరవిద్యలో డిగ్రీ ఫీజు కానిస్టేబుల్ జీతానికి మోయలేనిదేమీ కాదు. అతనికి దొరకనిది సమయం.

హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం ఒక అధ్యయనం చేసింది. దేశవ్యాప్తంగా 12 వేలకు పైగా స్టేషన్ సిబ్బందిని ప్రశ్నించింది. దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారు. తమ సిబ్బంది 11 గంటలు, అంతకుమించి పనిచేస్తున్నారని స్టేషన్ అధికారుల్లో 68 శాతం మంది అంగీకరించారు. నెలకు ఒక్కసారైనా వారాంతపు సెలవు దొరకనివారు దాదాపు 74 శాతం. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించినప్పుడు కానిస్టేబుళ్ల కుటుంబాలు పండగ చేసుకున్నది ఇందుకే. సిబ్బంది కొరత, బందోబస్తుల నడుమ ఆ ఏర్పాటు అన్ని స్టేషన్లలో ఒకేలా నిలవలేదు.

బందోబస్తు అన్న మాటలోనే పోలీసు చదువు మునిగిపోతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలు, మేడారం జాతర, వినాయక నిమజ్జనం, ఎన్నికలు, ప్రముఖుల పర్యటనలు... జిల్లాల నుంచి సిబ్బందిని వందల కిలోమీటర్ల దూరం తరలిస్తారు. పాఠశాలలకు దసరా సెలవులిచ్చే రోజుల్లోనే పోలీసుకు డ్యూటీ ఎక్కువ. పరీక్ష తేదీలు ఆరు నెలల ముందు తెలిసినా, ఆ రోజు ఎక్కడుంటాడో అతనికి ముందురోజు రాత్రి వరకు తెలియదు. పరీక్షకని సెలవు అడిగితే 'ఉద్యోగం కావాలా, చదువు కావాలా' అన్న ప్రశ్న ఎదురుకావడం స్టేషన్లలో వింతేమీ కాదు. చెప్పకుండా వెళితే మెమో. మూడేళ్ల డిగ్రీని ఆరేడేళ్లు లాగినవారు, ఒకే పేపరు మిగిలిపోయి విసిగి వదిలేసినవారు ప్రతి సబ్‌డివిజన్‌లోనూ కనిపిస్తారు. మహిళా కానిస్టేబుళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. డ్యూటీ దిగాక ఇంటి పని మొదలవుతుంది. పుస్తకం తెరిచేసరికి అర్ధరాత్రి.

పై అంతస్తుకు ఉన్నది కింద లేదు

పోలీసు చదువుకు ప్రభుత్వం అసలే ఖర్చు చేయడం లేదనడం న్యాయం కాదు. చేస్తోంది, పై అంతస్తులో. హైదరాబాద్‌లోని సర్దార్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందిన పలువురు ఐపీఎస్ అధికారుల అర్హతల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇచ్చిన పోలీస్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ డిగ్రీ ఉంటుంది. జీతం తీసుకుంటూ, శిక్షణలో భాగంగా చదివిన చదువు అది. అందులో తప్పేమీ లేదు. జీతం ఇస్తూ, సమయం కేటాయిస్తూ, విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని పోలీసును చదివించడం సాధ్యమేనని అది రుజువు చేస్తోంది. అదే ఏర్పాటు కానిస్టేబుల్ శిక్షణ కళాశాల గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతోందన్నదే ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మరో వెసులుబాటు ఉంది. ఉద్యోగంలో చేరాక అదనపు అర్హత సాధిస్తే ఒక్కసారి ప్రోత్సాహకం ఇస్తారు. 2019 మార్చిలో దాన్ని పెంచారు. మూడేళ్లు లేదా అంతకు తక్కువ వ్యవధి గల డిగ్రీ లేదా డిప్లొమాకు 10 వేలు, మూడేళ్లకు మించిన డిగ్రీ లేదా డిప్లొమాకు 15 వేలు, పీజీకి వ్యవధిని బట్టి 20 వేలు లేదా 25 వేలు, పీహెచ్‌డీకి 30 వేల రూపాయలు. చదివిన విషయానికి చేసే పనితో నేరుగా సంబంధం ఉండాలన్నది షరతు. సాహిత్యం వంటి చదువులకు వర్తించదు. మొత్తం చిన్నదే అయినా మసాచుసెట్స్ అనుభవంతో పోలిస్తే ఈ పద్ధతిలో వివేకం ఉంది. జీతంపై శాశ్వత భారం పడదు కాబట్టి ఖజానా కష్టాల్లో పడిన రోజున ఎవరి జీతమూ కోయాల్సిన పని రాదు. అయితే సాహిత్యం చదివిన పోలీసు వల్ల శాఖకు ఉపయోగం లేదనుకోవడం మాత్రం పొరపాటు. ఫిర్యాదుదారు తడబడుతూ చెప్పింది విని, అర్థం చేసుకుని, తేటగా రాయగలగడం కంటే స్టేషన్ రైటర్‌కు కావాల్సిన విద్య మరొకటి ఏముంటుంది?

రాష్ట్ర పోలీసు శాఖల్లో ఇలాంటి ఏర్పాటు చేయాలంటే పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పట్టా సాధించినవారికి ఫీజు తిరిగి ఇవ్వడం, కొన్నేళ్లు శాఖలో కొనసాగాలన్న షరతు పెట్టడం, న్యాయశాస్త్రం, ఫోరెన్సిక్, కంప్యూటర్ కోర్సులకు గుర్తింపున్న విశ్వవిద్యాలయాలనే అనుమతించడం జిల్లా స్థాయిలోనే అమలు చేయదగిన పనులు. నాసిరకం కళాశాలలు తమ ప్రకటనల్లో పోలీసులకు ప్రత్యేక రాయితీ అని రాసుకునే రోజు రాకముందే ఆ గుర్తింపు జాబితా సిద్ధం కావాలి. కష్టమైనది పరీక్ష రోజు సెలవు. దానికి జీవో చాలదు, మనుషులు కావాలి. ఎనిమిది గంటల షిఫ్టులు నడపాలంటే స్టేషన్లకు మంజూరైన సిబ్బందికి సగటున 1.68 రెట్ల మంది అవసరమని 2014 నాటి అధ్యయనమే లెక్కగట్టింది. పదిమంది పనిని ఆరుగురు చేస్తున్నచోట ఏడో మనిషిని పరీక్షకు పంపమని స్టేషన్ అధికారిని అడగడం తేలిక కాదు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015లో పన్నెండు రోజులపాటు రాష్ట్రమంతటి నుంచి పోలీసులను నదీ తీరానికి తరలించారు. ఈసారీ అంతే జరుగుతుంది. ఆ రోజుల్లో పరీక్షలు పడే కానిస్టేబుళ్ల జాబితాను ముందుగానే తయారుచేసి విశ్వవిద్యాలయాలతో మాట్లాడే అధికారి ప్రతి జిల్లా పోలీసు కార్యాలయంలో ఒక్కరున్నా, వారిలో కొందరికి ఒక సంవత్సరం మిగులుతుంది.